రంపంతో పాలిష్ పట్టిన చెట్టు

మా అపార్ట్‌మెంట్ సొసైటీ గేటు పక్కన కూర్చోడానికి ఒక దుంగ ఉంది, చూశారా? సూరత్‌లో మా అడాజన్ పేట మొత్తం తిరిగినా అంత నున్నటి దుంగ ఇంకోటి దొరకదు. వచ్చినవాళ్ళు దాని మీద చెయ్యి రాసి చూసి, "వాహ్! ఏ మిస్త్రీ పని ఇది?" అని అడుగుతారు. మా సెక్రటరీ జిగ్నేశ్ భాయ్ వెంటనే నా వైపు చెయ్యి చూపిస్తాడు. చూపించి, నవ్వు కనబడకుండా మాస్కు పైకి లాక్కుంటాడు. మాస్కు మూతికి అడ్డం గానీ, ఊగే పొట్టకి అడ్డం కాదు కదా!

నేను మిస్త్రీని కాదు, వడ్రంగినీ కాదు. ఇడ్లీ పిండి అమ్ముకునేవాణ్ణి. ఆ దుంగని నున్నగా చెయ్యాలని నేనెప్పుడూ అనుకోలేదు. కోసి పారేద్దామనుకున్నాను!

సరే, చెప్తాను. చాయ్ పోసుకోండి. నవ్వితే మాత్రం మధ్యలో ఆపేస్తాను.

నేను సిరిసిల్ల నుంచి మగ్గాల పనికని సూరత్ వచ్చాను. ఆ మోత పడక మగ్గం వదిలేసి టిఫిన్ బండి పెట్టాను. చప్పుడు పడనివాడు రంపం మిషన్ ఎందుకు కొన్నాడని మా ఆవిడ పద్మ ఇప్పటికీ అడుగుతుంది. కొందరికి పేకాట, కొందరికి మందు, నాకు పాత మిషన్లు. శనివారం సంతలో తుప్పు పట్టిన ఇనుము కనబడితే చాలు, కాళ్ళు అటే పోతాయి. అలా పోయిన ఒక రోజు కనబడింది ఈ రంపం. పెట్రోలుతో నడిచే విదేశీ మాల్. నారింజ రంగు వెలిసిపోయి, హ్యాండిల్‌కి ఎవరో చీర పేలిక చుట్టి ఉంది. వయసులో నాకంటే పెద్దది. ముద్దొచ్చింది!

ఇంటికి తెస్తే పద్మ నడుం మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"గిదేంది?"

"చెట్లు కోసే మిషన్."

"కొబ్బరికాయ కొట్టుటానికి ఇంట్ల మంచి కత్తి లేదు, చెట్లు కోసే మిషన్ దెచ్చినవా? యాడున్నయయ్యా చెట్లు? బాల్కనీల తులసి మొక్కుంది, దాన్ని కోస్తవా?"

"ఎప్పుడో అవసరం పడతది పద్మా."

ఈ 'ఎప్పుడో అవసరం పడతది' అన్న మాటని మా ఇంట్లో నిషేధించారు. ఎందుకో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

మిషన్ స్టార్ట్ కాలేదు. కాదని సంతలో అమ్మినవాడికి తెలుసు, పద్మకి తెలుసు, నాకు తప్ప అందరికీ తెలుసు. ఎవరో చెప్పారు, ఇదే ఊళ్ళో ఖటోదరాలో ఒక పార్సీ ముసలి జంట ఉంది, పాత రంపాలకి దేశంలో ఎక్కడా దొరకని పార్టులు వాళ్ళ దగ్గర దొరుకుతాయి అని. వెళ్ళాను. చుట్టూ మగ్గాల షెడ్లు, మధ్యలో బోర్డు లేని ఒక షాపు, పైన ఇల్లు. షాపు లోపల రంపం పట్టీలు, అంటే చైను చుట్టి తిరిగే పొడుగు రేకులు, అరటి గెలల్లా వేలాడుతున్నాయి. ఆ సందులో పెస్తన్ కాకా, మేహ్రూ కాకీ, మన బాబాయి, పిన్ని అన్నట్టు.

ఎన్నో ఏళ్ళుగా వాళ్ళది ఇదే వ్యాపారం. డాంగ్ అడవుల వైపు కలప డిపోలకి కొత్త రంపాలు అమ్మడం, అవి పాతబడితే వెనక్కి కొనడం, విప్పడం, దాచడం. ఏ మిషన్‌కి ఏం రోగమో కాకాకి తెలుసు. ఆ మందు ఏ డబ్బాలో ఉందో కాకీకి తెలుసు. ఇద్దరూ కలిస్తేనే ఒక షాపు. ఇద్దరికీ క్షణం పడదు! కాకా "ఎడమ అర" అంటే కాకీ "కళ్ళజోడు పెట్టుకో, అది కుడి అర" అనేది. కాకీ ఒక పార్టు చేతికిస్తే కాకా దాన్ని దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి, కరెక్టే అయినా సరే ముఖం చిట్లించేవాడు.

వాళ్ళ షాపుకి ఒక రూలు ఉండేది. పార్టుకి పార్టు. పాడైన పాతది చేతిలో పెడితేనే కొత్తది ఇస్తారు. ఫోటో చూపిస్తానంటే కుదరదు. కొలత రాసుకొచ్చానంటే అసలే కుదరదు. "పాతది ఇక్కడికి రావాలి దీక్రా" అనేవాడు కాకా. దీక్రా అంటే నాయనా అన్నట్టు. "నీకు చెత్త. నాకు అది ఇంకో ముసలాడి మోకాలు."

ఆ రోజు మిషన్ బాగుచేసి ఇస్తూ ఒక మాట చెప్పాడు. అక్కడికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు, మందు చీటీ చదివినట్టు. "మోడల్ పాతది. తిట్టకు. తొందరపెట్టకు. నడిచినన్నాళ్ళు నడుపు."

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. నా టిఫిన్ బండి మూతబడింది. కాకా, కాకీ షాపు షట్టర్ దించేసి పైన ఇంట్లోనే ఉండిపోయారు. కానీ వ్యాపారం మానలేదు. కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట కిందికి దిగేది. పాత పార్టు వేస్తే పైకి వెళ్ళేది. కొత్త పార్టుతో మళ్ళీ దిగేది. కరోనాకి కూడా వాళ్ళ రూలు మార్చే ధైర్యం లేకపోయింది.

ఇక అసలు కథ, రెండో వేవ్ వేసవి. బండి పోయాక మేము ఇంట్లోనే పిండి రుబ్బి అమ్ముతున్నాం. సరిగా సాగడం లేదు. ఆ నెల గడిచేలోపు ఏదో ఒకటి తగలకపోతే సామాను కట్టుకుని సిరిసిల్ల వెళ్ళిపోదామని ఇద్దరం అనేసుకున్నాం. అనుకున్న రోజు పద్మ వంటింట్లోకి వెళ్ళి గ్రైండర్‌ని తడిబట్టతో తుడిచింది. తుడిచిందే తుడిచింది. నేను చూడనట్టు నటించాను.

అప్పుడు తగిలింది ఆర్డరు! దగ్గర్లో ఒక వాడీలో, అంటే ఇక్కడ కమ్యూనిటీ హాలుకి అదే పేరు, కోవిడ్ పేషెంట్ల కోసం మంచాలు వేశారు. రోజూ పొద్దున పోహా పెట్టి పెట్టి వాళ్ళకే విసుగొచ్చిందట. పద్మ ఫోన్ చేసి, మాట్లాడి, మళ్ళీ ఫోన్ చేసి, ఇడ్లీ పిండికి ఒప్పించింది. మొదటి రోజు బాగుంటే రోజూ మా దగ్గరే. ముందు రోజు సాయంత్రానికి పిండి అక్కడికి చేరాలి, తెల్లారి వాళ్ళు ఇడ్లీ వేసుకుంటారు. మా ఇద్దరి సూరత్ బతుకు ఆ మూడు స్టీలు డ్రమ్ముల పిండిలో ఉంది. నిజంగా అంతే.

పద్మ రుబ్బడం ముగించి గ్రైండర్ కడుగుతుంటే తుఫాను గాలి మొదలైంది. కరెంటు పోయింది. రాత్రంతా కిటికీలు కొట్టుకున్నాయి. పొద్దున లేచి చూస్తే గేటు దగ్గర గుల్‌మొహర్ చెట్టు అడ్డంగా పడుకుని ఉంది. మాకున్నది ఒకటే గేటు. పిండి డెలివరీకి తిప్పే నా టెంపో లోపల.

మునిసిపాలిటీకి ఫోన్ చేస్తే, "భాయ్, ఊరంతా చెట్లే పడ్డాయి, మీ నంబరు రేపు" అన్నారు. ఫ్రిజ్ చచ్చిపోయింది. మే నెల ఎండ. డ్రమ్ముల్లో పిండి పొంగడం మొదలుపెట్టింది. మూత కొంచెం ఎత్తితే, బయటికి వద్దామా అని చూస్తోంది. సాయంత్రం దాటితే పులిసి ఇడ్లీకి కాదు కదా, పుల్లట్టుకి కూడా పనికిరాదు.

పద్మ చెట్టుని చూసింది, డ్రమ్ముల్ని చూసింది. "సూడు, ఓ పని జేద్దాం. గా పిండిని..."

"ఆగు!" అన్నాను నేను. "మిషనుంది!"

ఆ క్షణంలో నా ముఖం ఎలా వెలిగిపోయిందో నాకే తెలుస్తోంది. ఇన్నాళ్ళూ మంచం కింద పడి ఉన్న నా రంపం! ఎప్పుడో అవసరం పడతది అన్నానా? పడిందా? పద్మ ఇంకా ఏదో చెప్పబోయింది. నేను అప్పటికే మంచం కింద ఉన్నాను.

తాడు లాగాను. స్టార్ట్ కాలేదు. లాగాను, లాగాను, భుజం ఊడొచ్చేలా లాగాను. బాల్కనీల్లో జనం చేరారు. జిగ్నేశ్ భాయ్ పైనుంచి, "చోక్ ఇచ్చారా సత్యంభాయ్?" అన్నాడు. ఆయన చీరల వ్యాపారి. రింగ్ రోడ్ మార్కెట్లు మూసి ఉండటంతో ఇంట్లో ఖాళీగా ఉండి ప్రపంచంలోని అన్ని విషయాల్లోనూ నిపుణుడైపోయాడు.

కాకాకి ఫోన్ చేశాను. మిషన్ చప్పుడు ఫోన్లో వినిపించమన్నాడు. విన్నాడు. "పెట్రోలు పీల్చే దగ్గర రబ్బరు పొర ఎండిపోయింది. తీసుకురా."

"కాకా, కొత్త పొర పంపించండి, నేనే వేసుకుంటా."

"పార్టుకి పార్టు!"

"కాకా, చెట్టు పడింది! పిండి పొంగుతోంది!"

"పిండి నాకు తెలీదు. పాత పొర నువ్వు విప్పితే చిరుగుతుంది. మిషనే తీసుకురా. పట్టీ, చైను ఊడదీసి ఇంట్లో పెట్టు, ఇంజన్ ఒక్కటే తే. నా బుట్ట అంత బరువు మొయ్యదు."

ఊడదీశాను. చైను ఎటువైపు తిరిగి ఉందో చూసుకోవాలని ఎవరైనా చెప్పారా? చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనుకుని ఉంటారు. నాలాంటివాడు ఉంటాడని ఎవరు మాత్రం ఊహిస్తారు!

జిగ్నేశ్ భాయ్ స్కూటర్ అదృష్టవశాత్తూ గేటు బయట ఉంది. కొమ్మల్లోంచి దూరి, చొక్కా ఒక చోట చింపుకుని, ఇంజన్ సంచిని కాళ్ళ మధ్య పెట్టుకుని బయలుదేరాను. తాపీ నది బ్రిడ్జి దగ్గర పోలీసు ఆపాడు, సంచిలో ఏముందని.

"థేలీ మే క్యా హై?"

"ఝాడ్ కాట్నే కా మిషన్, సాబ్."

సంచి తెరిచి చూశాడు. పట్టీ లేదు, చైను లేదు, పళ్ళు లేవు. మరి కోసేదేదని అడిగాడు. "ఇస్ మే కాట్‌నే వాలా కహాఁ హై?"

"వో ఘర్ పే హై, సాబ్."

"ఔర్ ఝాడ్?"

"వో భీ ఘర్ పే."

చెట్టు ఇంటి దగ్గర, రంపం పళ్ళు ఇంటి దగ్గర, నేను మాత్రం బ్రిడ్జి మీద. ఆయన నన్ను కాసేపు జాలిగా చూసి, మాస్కు సరిగ్గా పెట్టుకోమని చెప్పి వదిలేశాడు. పిచ్చివాడి జోలికి పోవడం ఎందుకనుకున్నాడేమో.

ఖటోదరా చేరేసరికి బుట్ట కిందే వేలాడుతూ నాకోసం చూస్తోంది. ఇంజన్ వేశాను. పైనుంచి కాకా లాగుతున్నాడు, వెనక కాకీ కాకా నడుం పట్టుకుని లాగుతోంది. సగం దూరం వెళ్ళి బుట్ట ఆగిపోయింది. నా తల మీద, సరిగ్గా నడినెత్తి మీద!

"పక్కకి జరుగు దీక్రా!" కాకీ అరుపు.

"నువ్వు లాగు ముందు!" కాకా అరుపు.

"నేనే లాగుతున్నా, నువ్వే వేలాడుతున్నావు!"

ఎలాగో పైకి చేరింది. చేరగానే కాకీ శానిటైజర్ సీసా తీసి దాని మీద జల్లబోయింది. కాకా కేక పెట్టాడు, "పెట్రోలు! పెట్రోలు! ఇల్లు తగలబెడతావా?" "కరోనా వస్తే?" "ఇంజన్‌కి దగ్గుందా?" నేను కింద ఎండలో నిలబడి ఇద్దరి పంచాయితీ వింటున్నాను. అక్కడ పిండి పొంగుతోంది. ఇక్కడ వీళ్ళు! ఏడుపొక్కటే తక్కువ.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఎండిపోయిన పొరకి మారు పొర ఆ రోజుల్లో ఇంకెవరి దగ్గరా దొరికేది కాదు. కొంచెం సేపటికి పైన ఇంజన్ గర్జించింది. గిన్నెలు కిందపడ్డ చప్పుడు, కాకీ తిట్లు, కాకా నవ్వు. బుట్ట దిగింది. ఇంజన్ పక్కన ఒక చిన్న అరటిపండు కూడా ఉంది. "ముఖం చూస్తే ఏమీ తిన్నట్టు లేవు" అంది కాకీ పైనుంచి. ఆ ఒక్క నిమిషం నాకు కోపం పోయింది.

ఇంటికొచ్చాను. మధ్యాహ్నం దాటింది. ఒక డ్రమ్ము మూత లేచిపోయింది, పక్కనుంచి పిండి కారుతోంది. పద్మ దాన్ని ఒక చేత్తో తోసి పట్టుకుని ఉంది.

"సత్యమయ్యా, ఇప్పటికైనా ఇనవా? గా పిండిని..."

"అయిపోయింది పద్మా! ఇంకా చైను బిగించుడే!"

ఆమె నన్నొక చూపు చూసింది. ఆ చూపు అర్థం నాకు సాయంత్రానికి గానీ తెలియలేదు.

చైను బిగించడానికి కాకాకి వీడియో కాల్ చేశాను. కాకా ఫోన్ ఎలా పట్టుకుంటాడంటే, ముందు నుదురు కనబడుతుంది, తర్వాత ఫ్యాను, తర్వాత ఒక చెవి. మాట మాత్రం స్పష్టంగా, "చూశావా? ఇలా!" అంటాడు. ఏది ఇలా? చెవి ఇలాగా? చివరికి కాకీ ఫోన్ లాక్కుని గోడకి ఆనించి, వాళ్ళ దగ్గరున్న రంపం ఒకటి ఎత్తి చూపించింది. దాని మీద చైను బిగించి ఉంది. "పళ్ళు ఎటు చూస్తున్నాయో అలాగే పెట్టు" అంది. అంతలో నెట్‌వర్క్ పోయింది. బొమ్మ అలాగే ఆగిపోయింది. కాకీ నోరు తెరిచి, రంపం పట్టుకుని, విగ్రహంలా.

మంచిదే అనుకున్నాను. కదలని బొమ్మ, చూసి తాపీగా బిగించుకోవచ్చు. బొమ్మలో పై వరస పళ్ళు ఎడమవైపు చూస్తున్నాయి. నేనూ ఎడమవైపు చూసేలా పెట్టి బిగించాను. కాకీ చేతిలో రంపం మొన కూడా ఎడమవైపే ఉందనీ, నా బల్ల మీద మొన కుడివైపు ఉందనీ, పళ్ళు మొన వైపు చూడాలి తప్ప ఎడమ కుడి వైపు కాదనీ, ఈ మూడు ముక్కలూ నా బుర్రకి తట్టలేదు. అంటే నా రంపానికి పళ్ళు నా వైపు తిరిగాయి. చెట్టుకి వీపు!

ఇది తెలియని నేను మహావీరుడిలా గేటు దగ్గరికి నడిచాను. కళ్ళకి పద్మ స్కూటీ హెల్మెట్, మూతికి మాస్కు, చేతులకి పాత్రలు తోమే రబ్బరు తొడుగులు. తాడు లాగాను. మొదటి లాగుడికే స్టార్ట్! బాల్కనీల్లోంచి చప్పట్లు. ఎవరో కంచం కూడా కొట్టారు. ఒకరు కొడితే ఇంకొకరు, పోయినేడు కరోనాకి కంచాలు కొట్టి అలవాటైందిగా, మొత్తం సొసైటీ కంచాలు పట్టుకుని నిలబడింది. నా జీవితంలో అంత మంది నాకోసం బయటికి రావడం అదే మొదటిసారి. పెళ్ళికి కూడా రాలేదు.

రంపం చెట్టు మీద ఆనించాను. జుయ్యి మంది. పొట్టు రాలలేదు. ఇంకొంచెం నొక్కాను. పొగ వచ్చింది. వంటింట్లో మాడిన వాసన లాంటిది. తీసి చూస్తే అక్కడ చెక్క నల్లగా, నున్నగా, మెరుస్తోంది.

"కర్ర గట్టిది!" అన్నాడు జిగ్నేశ్ భాయ్ బాల్కనీ నుంచి.

కావచ్చు. పక్కన ఆనించాను. పొగ. ఇంకో పక్క. పొగ. మీద ఎక్కి నిలబడి, ఒంటి బరువంతా వేసి నొక్కాను. పొగ! కళ్ళు మండుతున్నాయి, హెల్మెట్ లోపల చెమట, చెవుల్లో మగ్గాల షెడ్డు మొత్తం మోగుతోంది. నాకు మొండితనం పట్టుకుంది. ఇక్కడ తెగకపోతే అక్కడ, అక్కడ తెగకపోతే ఇంకో చోట. ఆ దుంగ ఈ చివర నుంచి ఆ చివర వరకు నేను ముట్టని చోటు లేదు. మధ్యలో కంచాల మోత ఆగిపోయింది. నేను అనుకున్నాను, జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారని.

నా వెనక ఆడవాళ్ళు అటూ ఇటూ పోతున్నట్టు కంటి కొసకి తెలుస్తోంది. ఎవరి చేతిలోనో గిన్నె, ఎవరి చేతిలోనో కుక్కరు. నాకు మంచినీళ్ళు తెస్తున్నారేమో అనుకుని మనసులో దణ్ణం పెట్టాను. ఎంత మంచివాళ్ళు!

పెట్రోలు అయిపోయింది. రంపం దగ్గి దగ్గి ఆగింది. హెల్మెట్ తీసి వెనక్కి తిరిగాను.

బాల్కనీలు ఖాళీ. సొసైటీ ఆడవాళ్ళందరూ కింద, దూరం దూరంగా, ఒక వరసలో నిలబడి ఉన్నారు. మా వంటింటి గుమ్మం దగ్గర మొదలై ఆ వరస చెట్టు చివరి కొమ్మల దాకా ఉంది. చివర జిగ్నేశ్ భాయ్ నిలబడి ఆఖరి గిన్నెని కొమ్మల సందులోంచి అవతలికి అందిస్తున్నాడు. అవతల రోడ్డు మీద పాలవాడి టెంపో. టెంపో నిండా గిన్నెలు, కుక్కర్లు, డబ్బాలు, ఒక పెళ్ళి గంగాళం. వాటన్నిటిలో పిండి. డ్రైవర్ పక్క సీట్లో కొంగు నడుముకి చెక్కుకుని పద్మ.

ఇటు చూస్తే మా మూడు డ్రమ్ములు. కడిగి, బోర్లించి, నీడలో ఆరబెట్టి ఉన్నాయి.

"పద్మా!" అన్నాను.

ఆమె టెంపో కిటికీలోంచి తల బయటపెట్టింది. "పొద్దుగాలటి సంది గిదే జెప్తున్న. గా పిండిని గిన్నెలల్ల పోసి కొమ్మల సందుల నుంచి అందిద్దామని. నువ్వు ఇంటివా? మంచం కిందికి జొచ్చినవ్, ఖటోదరా పోయినవ్, వచ్చి చెట్టుకు రంగు గొడ్తున్నవ్!"

"రంగు కాదే, కోస్తున్నా!"

"ఏడ కోసినవ్? సూపెట్టు!"

చూపించడానికి ఏమీ లేదు. టెంపో వెళ్ళిపోయింది.

అప్పుడే ఫోన్ మోగింది. నెట్‌వర్క్ తిరిగొచ్చింది. కాకీ ముఖం. వెనక కాకా చెవి. "కోశావా దీక్రా?" నేను రంపం కెమెరా ముందు పెట్టాను. కాకా చెవి పోయి కన్ను వచ్చింది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరికీ ఒక మాట కుదరడం అదే మొదటిసారి అనుకుంటా. ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"గధేడా!"

గుజరాతీ రానివాళ్ళకి కూడా అర్థమయ్యే మాట అది. కాకా అన్నాడు, "చైను తిరగేశావు. ఇన్ని రంపాలు అమ్మాను, చెట్టుకి పాలిష్ పెట్టినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా." కాకీ వెంటనే తిరిగింది ఆయన మీదికి, "వాడికి చెప్పాల్సింది నువ్వు!" "ఫోన్ లాక్కుంది నువ్వు!" ఇంక వాళ్ళు నన్ను మర్చిపోయారు. నేను ఫోన్ పెట్టేశాను.

మర్నాడు వాడీ నుంచి పద్మకి ఫోన్ వచ్చింది. పిండి సరిగ్గా పొంగిన వేళకి చేరిందట, ఇడ్లీలు దూదిలా వచ్చాయట, ఒక పెద్దాయన రెండోసారి అడిగి తిన్నాడట. రోజూ పంపమన్నారు. పద్మ ఫోన్ పెట్టి గ్రైండర్ పక్కన కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఈసారి నేను చూడనట్టు నటించలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "పాపం, చెయ్యి నొస్తున్నదా?" అంది నా భుజం చూసి. రాత్రి జండూబామ్ కూడా రాసింది. రాస్తున్నంతసేపూ తిట్టింది అనుకోండి.

మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి టకటకా కోసి చెట్టు తీసేశారు. జిగ్నేశ్ భాయ్ ఆ మొదలు ముక్కని మాత్రం తీసుకెళ్ళనివ్వలేదు. "ఇది మా సత్యంభాయ్ చేతి పని" అని గేటు పక్కన వేయించాడు. గిన్నెలు వెనక్కివ్వడానికి పద్మకి వారం పట్టింది. ఏ కుక్కరు ఎవరిదో తెలియక ఇప్పటికీ మా ఇంట్లో ఒక అనాథ మూత ఉంది.

ఇప్పుడిదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న దీపావళి తర్వాత కాకా, కాకీ షాపు ఖాళీ చేసి నవ్‌సారీలో కాకీ చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. మెట్లు ఎక్కలేకపోతున్నారు. వెళ్ళే రోజు పద్మని వెంటబెట్టుకుని వెళ్ళాను. అప్పటికి జనం మామూలుగా తిరుగుతున్నా, వాళ్ళింట్లోకి ఎవరికీ ప్రవేశం లేదు. బుట్ట దిగింది. పద్మ అందులో ఇడ్లీ డబ్బా పెట్టింది. కాకా లాగాడు, కాకీ ఆయన నడుం పట్టుకుంది. కింద వేలాడే పట్టీలు లేక ఆ షాపు బోసిగా ఉంది. ఊళ్ళో ఎన్నో షాపులు మూతబడతాయి. కానీ చెత్త తెస్తే తప్ప సరుకు ఇవ్వని షాపు ఇంకెక్కడుంటుంది?

బుట్ట మళ్ళీ దిగింది. అందులో కొత్త రబ్బరు పొర ఒకటి, కాగితంలో చుట్టి. పాతది అడగకుండా ఇచ్చారు!

"కాకా, పాతది తేలేదు నేను" అన్నాను.

"ఇంకెక్కడ పెట్టుకోను దీక్రా పాతవి? ఉంచుకో."

నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అప్పుడు పద్మ ముందుకొచ్చింది. నన్ను చెయ్యి పట్టుకుని బుట్ట దగ్గరికి లాగింది. తల పైకెత్తి, తనకొచ్చిన హిందీలో, "కాకీ, పాతది ఇస్తే కొత్తది ఇస్తరని పేరు గద మీకు. ఇగో, పాతది తెచ్చిన. బుట్టల కూసోబెట్టనా?" అంది.

కాకీ కిటికీలోంచి వంగింది. కళ్ళజోడు సర్దుకుంది. నన్ను కింద నుంచి పైదాకా, తుప్పు పట్టిన ఇంజన్‌ని చూసినట్టు చూసింది. తల అడ్డంగా ఊపింది.

"దీక్రీ, ఈ మోడల్‌కి పార్టులు రావడం ఎప్పుడో ఆగిపోయింది. తిట్టకు. తొందరపెట్టకు. నడిచినన్నాళ్ళు నడుపు."

పద్మని అడగండి. తిట్టకు, తొందరపెట్టకు అన్న ఆ రెండు మాటలు గాలికి సరిగా వినపడలేదంటుంది. నడపమన్నది మాత్రం స్పష్టంగా వినపడిందట. అదిగో, పైనుంచి పిలుస్తోంది. పిండి డెలివరీకి టైమైంది, నేను నడవాలి.